మేడి పట్టిన చెయ్యి

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చే పల్నాటి అమ్మానాన్నలకి అందరూ చూపించేవి దాదాపు ఒకటే: నయాగరా, లిబర్టీ విగ్రహం, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి. నన్నడిగితే మౌంట్ లారెల్‌లో ఉన్న ఒక పొలం ఇంటిక్కూడా తీసుకెళ్ళమంటాను. దాని పేరు పాల్స్‌డేల్. అమెరికాలో ఆడవాళ్ళ ఓటుకోసం జైలుకెళ్ళి మరీ పోరాడిన ఆలిస్ పాల్ 1885 జనవరి 11న అక్కడే పుట్టింది.

1800 ప్రాంతంలో కట్టిన ఇల్లు. ఇటుక గోడల మీద గచ్చు పూత, ముందునుంచి పక్కకి తిరిగే పెద్ద వరండా. వాళ్ళ రోజుల్లో చుట్టూ 265 ఎకరాల సేద్యం, ఇప్పుడు మిగిలింది ఆరెకరాలే. తండ్రి విలియం పాల్ మూర్స్‌టౌన్‌లో బ్యాంకు నడిపేవాడు, పొలం పనులు చూడ్డానికి మనుషులుండేవారు. కలిగిన కుటుంబమే కానీ క్వేకర్లు. క్రైస్తవుల్లో వాళ్ళదొక శాఖ. ఆడంబరం కూడదు, ఆ ఇంట్లో పాటా నాట్యమూ ఉండేవి కావు. అయితే ప్రార్థన సభలో ఆడా మగా ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. తల్లి టేసీ ఓటుహక్కు సభలకి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళేది. అంత పట్టుదల ఎక్కడిదని అడిగితే, పెద్దతనంలో కూడా ఆలిస్ అమ్మ దగ్గర విన్న మాటే చెప్పేది: నాగలి మేడి పట్టాక సాలు చివరికంటా వెళ్ళేదాకా చెయ్యి తియ్యకూడదని. గురజాల రైతుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఆడవాళ్ళకి అన్నీ మొదట్నుంచీ ఉన్నాయని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఈ న్యూజెర్సీలోనే 1776 తర్వాత ఆస్తి ఉన్న పెళ్ళికాని ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు ఓటేశారు. 1807లో చట్టం చేసి ఆ హక్కు లాగేసుకున్నారు. అది తిరిగి దక్కడానికి 113 ఏళ్ళు పట్టింది.

1907లో చదువుకోసం ఇంగ్లండు వెళ్ళిన ఆలిస్, అక్కడ ఆడవాళ్ళ ఓటుకోసం పోరాడుతున్న పాంక్‌హర్స్ట్ తల్లీకూతుళ్ళ ఉద్యమంలో చేరి మూడుసార్లు జైలుకెళ్ళింది. 1909లో దక్షిణాఫ్రికా భారతీయుల పనిమీద గాంధీ కూడా లండన్‌లో ఉన్నాడు. ఆ ఆడవాళ్ళ తెగువని మెచ్చుకున్నాడు కానీ వాళ్ళు రాళ్ళు రువ్వడం ఒప్పుకోలేదు. స్వదేశం తిరిగొచ్చాక ఆలిస్ నడిపిన పోరు మన సత్యాగ్రహం లాంటిదే. 1917 జనవరి 10 నుంచి వైట్‌హౌస్ గేటు ముందు ఆడవాళ్ళు బ్యానర్లు పట్టుకుని, నోరెత్తకుండా, ఎండకీ మంచుకీ నిలబడ్డారు. దారికి అడ్డమన్నారు, అరెస్టులు చేశారు. ఆ అక్టోబరులో ఆలిస్‌కి ఏడు నెలల శిక్ష పడింది. తమని రాజకీయ ఖైదీలుగా చూడాలని ఆమె తిండి మానేసింది. గొట్టం దోపి బలవంతంగా పాలూ పచ్చిగుడ్లూ పోశారు. పిచ్చివాళ్ళ వార్డులో పడేసి, రాత్రంతా గంటగంటకీ మొహం మీద టార్చిలైటు కొట్టారు. తెగించి ముందుకొచ్చిన ఆడమనిషికి లోకం ఏ పేరు పెడుతుందో పల్నాటి యుద్ధంలోని నాయకురాలు నాగమ్మ కథ విన్న మనకి కొత్త కాదు. పుల్లరి పన్నుకి ఎదురు తిరిగి తుపాకీ గుళ్ళకి బలైన కన్నెగంటి హనుమంతు గడ్డ మీద పెరిగిన నాకు, ఆ జైలు సంగతులు చదువుతుంటే మనవాళ్ళ కథే చదువుతున్నట్టుంటుంది.

చివరికి ఆడవాళ్ళకి ఓటిచ్చే రాజ్యాంగ సవరణ రాష్ట్రాల ముందుకొచ్చింది. ఒక్కో రాష్ట్రం దానికి ఒప్పుకున్నప్పుడల్లా ఆలిస్ వాళ్ళు ఊదా, తెలుపు, బంగారు రంగుల జెండా మీద ఒక్కో చుక్క కుట్టుకుంటూ పోయారు. సవరణ నెగ్గాలంటే 36 చుక్కలు కావాలి. ఆఖరిది 1920 ఆగస్టు 18న టెన్నెసీ ఇచ్చింది. అక్కడ 24 ఏళ్ళ శాసనసభ్యుడు హ్యారీ బర్న్ వద్దనే పక్షంలో ఉండీ, అమ్మ రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని అవునన్నాడు.

ఆలిస్ మీద నాకెంత గౌరవమున్నా ఒక సంగతి దాచను. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో ఆమె జరిపించిన ఊరేగింపులో, దక్షిణాది తెల్లవాళ్ళు కోప్పడతారని నల్లజాతి ఆడవాళ్ళని వెనక నడవమన్నారు. నల్లజాతి పాత్రికేయురాలు ఇడా బి. వెల్స్ ససేమిరా అంది. దారి మధ్యలో వచ్చి తన ఇల్లినాయి వాళ్ళ పక్కనే నడిచింది. దక్షిణాదిలో నల్లవాళ్ళకి ఓటు నిజంగా చేతికందింది 1965 ఓటుహక్కు చట్టంతోనే. మనవాళ్ళ సంగతీ అంతే. భారతీయులు ఇక్కడ పౌరులు కాలేరని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. అటు మన మద్రాసు రాష్ట్రంలో 1921లోనే, ఆస్తి ఉన్న ఆడవాళ్ళ వరకైనా, ఓటు వచ్చేసింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పాలి.

ఓటు వచ్చాక ఆలిస్ ఊరుకోలేదు. 1923లో సమాన హక్కుల సవరణ రాసింది. కాంగ్రెస్ దాన్ని ఆమోదించింది 1972లో. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాల్సి ఉండగా, 1977 జూలై 9న మూర్స్‌టౌన్‌లో ఆమె కన్నుమూసేనాటికి 35 ఒప్పుకున్నాయి. పాల్స్‌డేల్‌ని ఆమె పేరిట ఏర్పడిన సంస్థ కొని బాగు చేయించి, అక్కడ ఆడపిల్లలకి నాయకత్వ శిక్షణ ఇస్తోంది. సమాన హక్కుల సవరణకి 2020లో వర్జీనియా 38వ రాష్ట్రంగా ఒప్పుకుంది. కానీ గడువు ఎప్పుడో దాటిపోయిందన్న వాదంతో దాన్ని ఇంకా రాజ్యాంగంలో చేర్చలేదు.