గడపగడపకూ నడిచిన వాక్యం: నల్లగొండ మేత్రాసనానికి యాభై ఏళ్లు

1976 మే 31, సోమవారం. ఆ రోజు దివ్యబలిపూజలో చదివిన సువిశేషం లూకా మొదటి అధ్యాయంలోది. మరియమ్మ కొండసీమకు తొందరతొందరగా బయలుదేరి, ఎలిజబేతమ్మ గడపలో అడుగుపెట్టిన ఘట్టం. తిరుసభ పంచాంగంలో ఆ రోజు దేవమాత సందర్శన పండుగ. అదే రోజున పోపు ఆరవ పౌలు, వరంగల్ మేత్రాసనం నుంచి నల్లగొండను వేరుచేసి కొత్త మేత్రాసనంగా ప్రకటించారు. పీమే అనే మిషనరీ సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు తొలి పీఠాధిపతి అయ్యారు.

ఆ తేదీ కావాలనే ఎంచుకున్నారా, అలా కలిసొచ్చిందా అన్నది నాకు ముఖ్యం కాదు. ఈ మేత్రాసనం కథను ఆ సువిశేషం దగ్గర మొదలుపెట్టడమే న్యాయమని నా నమ్మకం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం నడిచే వెళ్లింది. ఏ రోజు పఠనం ఆ రోజు, పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న మనుషుల దగ్గరికి వెళ్లింది. దాన్ని మోసుకెళ్లింది ఎక్కువగా ఉపదేశులు, అంటే పల్లెల్లో ప్రార్థన నడిపే మామూలు విశ్వాసులు. స్వర్ణోత్సవ సంచికల్లో పీఠాధిపతుల ఫొటోలు, గుడుల శంకుస్థాపన తేదీలు ఎలాగూ ఉంటాయి, ఉండాలి కూడా. ఈ వ్యాసం మాత్రం ఆ నడక గురించి.

పాత సంగతులు కొన్ని చెప్పుకుందాం. నైజాం ఇలాకాలోని హైదరాబాదు మిషనుకు ఇటలీలోని మిలాన్ నుంచి పీమే గురువులు వచ్చింది 1855లో. ఎడ్లబండ్ల మీద, గుర్రాల మీద తెలంగాణ పల్లెలు తిరిగారు. 1952లో వరంగల్ వేరే మేత్రాసనమైంది. ఆ తర్వాత పాతికేళ్లు తిరగకముందే నల్లగొండ పుట్టింది. ఈలోగా ఈ నేల మీద ఇంకో పెద్ద మార్పు వచ్చింది. 1955 డిసెంబరులో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు పచ్చబడ్డాయి. కృష్ణకు అవతలి నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి, వాళ్లలో కతోలికులూ ఉన్నారు. ఎప్పటినుంచో ఇక్కడే ఉన్న మాల, మాదిగ వాడల విశ్వాసులు, కొత్తగా వచ్చిన ఆ రైతులు ఒకే పీఠం ముందు మోకరించారు. ఒకే బెంచీ మీద కూర్చోవడానికి మాత్రం కొన్నిచోట్ల ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ మాట దాచి చరిత్ర రాస్తే అది చరిత్ర అనిపించుకోదు.

పూజ విషయంలో ఈ మేత్రాసనానికి ఒక అదృష్టం దక్కింది. పూజలో ప్రజల భాషకు తలుపు తీసిన రెండవ వాటికన్ మహాసభ పత్రం 1963 డిసెంబరు 4న వెలువడింది. కొత్త పఠనాల క్రమం 1969లో వచ్చింది. అంతకుముందు పాత నిబంధన మాట పూజలో అరుదుగా వినిపించేది, ఏటా అవే పఠనాలు తిరిగొచ్చేవి. కొత్త క్రమంలో ఆదివారాలకు మూడేళ్ల వరస: ఒక ఏడు మత్తయి, మరుసటి ఏడు మార్కు, ఆపైన లూకా. మామూలు రోజుల్లో సువిశేషం ప్రతి ఏడూ అదే, మొదటి పఠనం మాత్రం బేసి సంవత్సరాలకు ఒకటి, సరి సంవత్సరాలకు ఒకటి. రోజూ పూజకు వచ్చే ముసలమ్మ చదువు రాకపోయినా రెండేళ్లలో బైబిలులో పెద్ద భాగం చెవులతోనే చదివేస్తుంది. నల్లగొండ మేత్రాసనం పుట్టేనాటికి ఇదంతా తెలుగులో నడుస్తోంది. తన పీఠం ముందు మొదటి రోజు నుంచీ తెలుగు విన్న మేత్రాసనం మనది.

అయితే రోజూ పూజ ఉండేది విచారణ (పారిష్) కేంద్రంలోనే. ఒక విచారణ కింద అటూ ఇటూ పదుల పల్లెలు ఉండేవి. గురువు ఒక పల్లెకు నెలకోసారి వస్తే గొప్ప, వానాకాలం అదీ కష్టమే. మిగతా రోజులన్నీ ఉపదేశిగారివే. పొద్దుగూకాక చిన్న గుడి దగ్గర గంట కొడతాడు. పిల్లలు ముందు వస్తారు, ఆడవాళ్లు పొయ్యి ఆర్పి వస్తారు, మగవాళ్లు ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. జపమాల, ఆనాటి పఠనం, ఆ తర్వాత ధ్యానం. ధ్యానమంటే ఉపదేశిగారు పుస్తకం మూసి మాట్లాడడమే. ఆ మాటల్లో వేదాంతం తక్కువ, ఊరు ఎక్కువ. ఎవరి పిల్ల పురిటికి వచ్చిందో, ఎవరింట్లో గొడవైందో ఆయనకు తెలుసు. ఆ రోజు వాక్యం ఎవరికి తగలాలో కూడా తెలుసు. పేరు చెప్పకుండానే చెబుతాడు. ఉపదేశిగా వచ్చే జీతంతో ఇల్లు గడిచేది కాదు, పగలు కూలికో కౌలు పొలానికో వెళ్లేవాళ్లే ఎక్కువ.

పఠనాల వరసకు, మన సాగు కాలానికి ఉన్న పొత్తు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సామాన్య కాలం మూడో వారం బుధవారం మార్కు నాలుగో అధ్యాయం, విత్తువాని ఉపమానం. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో అది జనవరి 28న పడింది. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి నాట్లు జోరుగా సాగే రోజులవి. బాట పక్కన పడిన గింజ, రాతినేల మీద పడిన గింజ అంటుంటే, ఆ పొద్దే నారు మడిలో నడుం వంచి వచ్చిన ఆడవాళ్లకు వివరించాల్సింది ఏముంటుంది? అదే ఉపమానం మత్తయి సువిశేషం నుంచి జూలై 12 ఆదివారం మళ్లీ వినిపిస్తుంది, ఈసారి వానాకాలం నారుమళ్లు కాలువ నీళ్ల కోసం ఎదురుచూసే వేళ. నూరంతలు పంట అన్న మాట విని మిర్యాలగూడ రైతు మనసులో లెక్క వేసుకోకుండా ఉండడు. ఆ లెక్క దగ్గర ఆగనివ్వకుండా ముందుకు తీసుకెళ్లడమే ఉపదేశి పని.

నీళ్ల సంగతి వస్తే ఈ జిల్లా గుండె బరువెక్కుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడు తరాల తరబడి పళ్లను గారపట్టించి, ఎముకలను వంచేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, ఇక్కడి బావులు ఆ హద్దును ఎన్నో రెట్లు దాటాయి. తపస్సు కాలం మూడో ఆదివారం, మత్తయి సంవత్సరంలో, యోహాను నాలుగో అధ్యాయం చదువుతారు. మిట్టమధ్యాహ్నం కడవతో బావి దగ్గరికి వచ్చిన సమరియ స్త్రీ, ఆమెను దాహమడిగిన యేసు. ఈ ఏడు అది మార్చి 8న వచ్చింది. తాగే నీళ్లే విషమైన ఊళ్లో జీవజలం గురించి ధ్యానం చెప్పాలంటే ధైర్యం కావాలి. అంటరానితనం వల్ల ఊరి బావి దగ్గరికి రానివ్వని వాళ్ల మనవలు ఆ ఘట్టం విన్నప్పుడు, యూదుడు సమరియ స్త్రీ చేతి నీళ్లు అడిగాడన్న ఒక్క విషయమే వాళ్లకు సువార్త.

పునీతుల సంగతీ అంతే, వాళ్లు మన ఊళ్ల దారుల్లో కలిసిపోయారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదలలో మరియమాత ఉత్సవాలు. సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన ఆ రోజుల్లో జపమాలలు పట్టుకుని నడిచే గుంపులు కనిపిస్తాయి. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది, రాష్ట్రాలు రెండైనా మాత ఒక్కతే. మఠంపల్లి శుభవార్త చర్చి వార్షికోత్సవాలకు మొక్కులతో పాటు ఎద్దుల బండలాగుడు పోటీలు కూడా ఉంటాయి. భక్తి ఒకచోట, పండుగ సంబరం ఒకచోట అని గీత గీసే అలవాటు మన పల్లెకు లేదు, అది మంచిదే. పునీత దేవసహాయం గురించి ఇక్కడ ఇంకా ఎక్కువ చెప్పాలని నా కోరిక. తిరువాన్కూరులో కొలువు చేసిన గృహస్థుడాయన. 1752 జనవరి 14న ప్రాణమిచ్చాడు, 2022 మే 15న పునీతుడయ్యాడు. ఆయన స్మరణ మన భోగి, సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. గురువు కాదు, మఠవాసి కాదు, పెళ్లయిన మామూలు విశ్వాసి. మన ఉపదేశులకు అంతకన్నా దగ్గరి బంధువు పునీతుల్లో ఎవరున్నారు?

అదే సంక్రాంతి చుట్టుపక్కల, సామాన్య కాలం మొదటి వారం గురువారం, మార్కు సువిశేషంలో కుష్ఠురోగి యేసు ముందు మోకరించే ఘట్టం వస్తుంది. యేసు చేయి చాపి ముట్టుకుంటాడు. నల్లగొండలో ఆ వాక్యానికి ఒక చిరునామా ఉంది. ఇటలీ నుంచి వచ్చిన వైద్య గురువు ఫాదర్ లూయిజి పెజ్జోని కుష్ఠురోగుల సేవకే ఇక్కడ జీవితం ధారపోశారు. ఊరు వెలివేసిన వాళ్ల పుండ్లు కడిగి కట్టు కట్టిన చేతులవి. కారుణ్యమంటే అదే. 2000 ఏప్రిల్ 30న, దివ్య కారుణ్య భక్తిని చాటిన ఫౌస్తీనమ్మను పునీతురాలిగా ప్రకటిస్తూ పోపు రెండవ జాన్ పాల్, పాస్కా తర్వాతి ఆదివారాన్ని దివ్య కారుణ్య ఆదివారంగా నిలిపారు. అప్పటినుంచి మన ఇళ్లలో మధ్యాహ్నం మూడింటికి కారుణ్య జపమాల అలవాటైంది. ఆ జపం నాకూ ఇష్టమే. అయితే కారుణ్యాన్ని దివ్య కారుణ్య యేసు పటంలోని రెండు కిరణాలలో మాత్రమే చూసే తరం రాకూడదు. ఆ పటం కింద పెజ్జోని గారి కథ కూడా పిల్లలకు చెప్పాలి.

1986లో తొలి పీఠాధిపతి బాధ్యత వదిలాక, అద్దగట్ల చిన్న ఇన్నయ్య గారు 1989లో వచ్చారు. 1993లో ఆయన శ్రీకాకుళానికి మొదటి పీఠాధిపతిగా వెళ్లారు. గోవిందు జోజి గారు 1997లో వచ్చేదాకా ఈ పీఠం ఖాళీగానే ఉంది. ఆ ఏళ్లలోనూ పల్లెల్లో గంట మోగడం ఆగలేదు, పఠనం తప్పలేదు. మేత్రాసనం దేనిమీద నిలబడిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆ ఖాళీ ఏళ్లను తరచి చూడాలి.

తర్వాత కాలం మారింది. సికింద్రాబాదులోని అమృతవాణి సంస్థ పుస్తకాలు, పాటల క్యాసెట్లు ఇంటింటికీ చేరాయి. ఫిలిప్పీన్స్ నుంచి రేడియో వెరితాస్ ఆసియా తెలుగు ప్రసారం షార్ట్‌వేవ్ మీద గరగరమంటూ వచ్చేది, 2018లో ఆ తరంగాలు ఆగి ఇంటర్నెట్‌కు మళ్లాయి. ఇప్పుడు తెల్లారకముందే ఫోనులో ఆనాటి పఠనం, పునీతుని చరిత్ర, ఐదు నిమిషాల ధ్యానం వచ్చిపడతాయి. దుబాయిలో ఉన్న కొడుకు, కోదాడలో ఉన్న తల్లి ఒకే వాక్యం వింటారు. ఇది దేవుడిచ్చిన మేలే. నాకున్న బెంగ ఒక్కటే: ఎక్కడో తయారైన ధ్యానానికి మన కాలువ ఎండిన సంగతి, మిల్లు దగ్గర ధాన్యం తడిసిన సంగతి తెలియదు. పేరు చెప్పకుండానే తగిలే మాట అందులో ఉండదు. ఆ లోటు తీర్చడానికి విచారణల్లో మనవాళ్లే, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆనాటి పఠనం మీద మాట్లాడడం మొదలుపెట్టాలి. పఠనం చదివే అధికారిక సేవకు పోపు ఫ్రాన్సిస్ 2021 జనవరిలోనే స్త్రీలను అర్హులను చేశారు. అదే ఏడాది మే 10న ఉపదేశి సేవను తిరుసభలో ఒక ప్రత్యేక పరిచర్యగా స్థాపించారు. మన పల్లెల్లో తరాలుగా జరుగుతున్న పనికి రోము ముద్ర పడింది.

ఈ మే 31 ఆదివారం, త్రిత్వ మహోత్సవం. అందువల్ల స్వర్ణోత్సవం నాడు సందర్శన పండుగ పఠనం పూజలో వినిపించదు. ఆ సాయంత్రం ఇళ్లలో లూకా మొదటి అధ్యాయం తెరిచి మనమే చదువుకోవచ్చు. విచారణ గురువులకు నాదొక మనవి కూడా. పాత ఉపదేశులు ధ్యానాలు రాసుకున్న నోటుపుస్తకాలు కొన్ని ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని సేకరించి, ఏ పల్లెలో ఎవరు ఎన్నేళ్లు సేవ చేశారో విచారణ రిజిస్టరులో పేరుపేరునా రాయించండి. వాళ్ల భార్యల పేర్లు కూడా. చాలాచోట్ల ఉపదేశిగారు జ్వరంతో పడుకున్న రాత్రి గంట కొట్టి పఠనం చదివింది ఆ తల్లులే.