గ్రాండ్ జ్యూరీ: డాలు ఎవరిది?

గ్రాండ్ జ్యూరీని ప్రజల డాలు అని ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం చాలాకాలంగా కీర్తిస్తూ వచ్చింది. ప్రభుత్వం ఒక మనిషి మీద ప్రాణం తీసే నేరం మోపాలంటే ముందు స్థానిక పౌరుల బృందం ఒప్పుకోవాలి. సిద్ధాంతం ఇదీ. ఆ డాలు ఆచరణలో ఎవరిని కాపాడిందన్నది చరిత్రను అడగవలసిన ప్రశ్న.

1681లో స్టీఫెన్ కాలేజ్ అనే వడ్రంగి మీద రాజద్రోహం మోపితే లండన్ గ్రాండ్ జ్యూరీ తిరస్కరించింది. రెండవ చార్లెస్ ప్రభుత్వం కేసును ఆక్స్‌ఫర్డ్‌కు మార్చింది. అక్కడి జ్యూరీ ఒప్పుకుంది. వడ్రంగి ఉరికంబమెక్కాడు. అదే ఏడు షాఫ్ట్స్‌బరీ ప్రభువు మీద రాజద్రోహ అభియోగాన్ని లండన్ జ్యూరీ తోసిపుచ్చితే ఆయన బయటపడ్డాడు. ప్రభువును కాసిన డాలు వడ్రంగిని కాయలేదు.

1791లో అమెరికా రాజ్యాంగపు ఐదవ సవరణ మరణశిక్ష పడదగిన నేరాలకు గ్రాండ్ జ్యూరీ అభియోగాన్ని తప్పనిసరి చేసింది. అయితే హత్యకేసులో మరణశిక్ష పడిన హుర్టాడో అప్పీలులో, 1884లో, రాష్ట్రాలకు ఆ నియమం వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. హార్లన్ ఒక్కడే విభేదించాడు. ఆ తీర్పు నేటికీ చెల్లుతూనే ఉంది.

గ్రాండ్ జ్యూరీ ఉన్నచోట మాత్రం ఏం జరిగింది? 1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల మీద అత్యాచారం నేరం బనాయించారు. అరెస్టయిన ఐదు రోజులకే గ్రాండ్ జ్యూరీ అభియోగం ఖరారు చేసింది. మరో పది రోజుల్లో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. లాంగ్‌స్టన్ హ్యూస్ జైలుకు వెళ్లి వాళ్లను చూశాడు; వాళ్ల మీద కవితలూ నాటికా రాశాడు. ఆ కౌంటీ జ్యూరీల్లో నల్లవాడు కూర్చోగా చూసినట్టు ఏ సాక్షికీ జ్ఞాపకం లేదు. జాబితాలో కనిపించిన నల్లవాళ్ల పేర్లు తర్వాత ఇరికించినవని ముద్దాయిల తరఫున సాక్ష్యం వచ్చింది. 1935లో సుప్రీంకోర్టు క్లారెన్స్ నారిస్ శిక్షను రద్దుచేసింది. అదే ఏడాది పదముగ్గురు తెల్లవాళ్లూ ఒక నల్లవాడూ ఉన్న కొత్త గ్రాండ్ జ్యూరీ మళ్లీ అభియోగం మోపింది. మూడింట రెండు వంతుల ఓట్లు చాలు గనక ఆ ఒక్కడి ఓటు దేన్నీ ఆపగలిగేది కాదు. 1937లో నారిస్‌కు మళ్లీ మరణశిక్ష, 1938లో యావజ్జీవం, 1976లో క్షమాభిక్ష!

అంటే లోపం సభ్యుల ఎంపికలో మాత్రమే లేదు. గ్రాండ్ జ్యూరీ రహస్యంగా కూర్చుంటుంది. సాధారణంగా ప్రాసిక్యూటర్ చెప్పిందే వింటుంది. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం ఫెడరల్ గ్రాండ్ జ్యూరీకి చూపనక్కర లేదని 1992లో సుప్రీంకోర్టే చెప్పింది. 2002 నాటి రింగ్ తీర్పు తర్వాత, ఫెడరల్ కేసుల్లో మరణశిక్షకు అర్హత తెచ్చే అంశాలను కూడా గ్రాండ్ జ్యూరీ ముందు పెడుతున్నారు. అయినా మరణశిక్ష కోరాలా వద్దా అన్న నిర్ణయం ప్రభుత్వానిదే.

ఒక్క గొంతు చెప్పిన కథను నిజమని నమ్మకూడదని సాహిత్య విద్యార్థికి మొదటి పాఠంలోనే నేర్పుతాం. చట్టం మాత్రం అటువంటి కథ మీదే మనిషిని ప్రాణాపాయపు విచారణకు నిలబెడుతుంది. ఆ గదిలో వినిపించని రెండో గొంతును హ్యూస్ జైలుకు వెళ్లి విన్నాడు. రచయిత పని అక్కడ మొదలవుతుంది.