సౌత్‌డేల్ సెంటర్

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు మినియాపొలిస్ నగరాన్ని ఆనుకున్న ఈడైనాలో ఉన్న షాపింగ్ మాల్. 1956 అక్టోబరు 8న మొదలైంది. అంతా ఒకే కప్పు కింద ఉండి, ఏడాది పొడవునా లోపలి చలినీ వేడినీ అదుపులో ఉంచిన తొలి అమెరికన్ శివారు మాల్‌గా దీనికి పేరు. దీన్ని కట్టించింది డేటన్ కుటుంబ సంస్థ. నేటి టార్గెట్ దుకాణాల సంస్థ దాని వారసురాలే.

రూపశిల్పి విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో నాజీల బారినుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. చలికి గడ్డకట్టే ఈడైనాలో జనం కాలినడకన తిరిగి, కూర్చుని మాట్లాడుకునే చోటు ఉండాలన్నది అతని తపన. అందుకే దుకాణాల ముఖాలు లోపలికి తిప్పి, నడుమ చెట్లతో, శిల్పాలతో, పక్షుల పంజరంతో విశాలమైన ముంగిలి పెట్టాడు. డేటన్స్, డొనాల్డ్‌సన్స్ అనే రెండు పోటీ దుకాణ సంస్థలు ఒకే మాల్‌లో చేరడం అప్పట్లో సాహసమే. చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు కూడా రావాలని గ్రూయెన్ ఆశించాడు. అతని నమూనాను దేశమంతా అనుకరించినవారు మాల్‌నూ పార్కింగ్‌నూ మాత్రమే తీసుకున్నారు. అది చూసి నొచ్చుకున్న గ్రూయెన్ చివరి ఏళ్లలో ఆ మాల్‌లను బాహాటంగా ఖండించాడు. అపార్ట్‌మెంట్లు సౌత్‌డేల్ ఆవరణలోకి వచ్చింది 21వ శతాబ్దంలోనే.