ముఖానికి స్పర్శ ఎక్కడిది? ఐదో నాడి చరిత్రలో రోగి మాట

అన్నం ముద్దలో దాక్కున్న చేపముల్లును నాలుక ఇట్టే పట్టేస్తుంది. నుదుటి మీద ఈగ వాలితే కళ్లు తెరవకుండానే చెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్తుంది. ఈ రెండు కబుర్లనూ మెదడుకు చేర్చేది ఒకే నాడి. తలలోని పన్నెండు జతల కపాల నాడుల్లో అది ఐదోది. వైద్యులు ట్రైజెమినల్ అంటారు. పుర్రె అడుగున ఒకచోట ఉబ్బి ముడిలా మారి, అక్కడి నుంచి మూడు పాయలవుతుంది. మొదటి పాయ నుదుటికీ కంటికీ, రెండోది చెంపకూ పైపెదవికీ పైపళ్లకూ, మూడోది కిందిదవడకూ గడ్డానికీ నాలుక ముందుభాగానికీ స్పర్శనిస్తాయి. ఇవాళ వైద్య విద్యార్థి మొదటి ఏడాదిలోనే చదివే ఈ సంగతి రెండు వందల ఏళ్ల కిందట పేరున్న సర్జన్లకు కూడా స్పష్టంగా తెలియదు. అది తెలిసిన క్రమాన్ని మామూలుగా అనాటమీ పండితుల విజయగాథగా చెబుతారు. ఆ పండితుల కృషిని కాదనలేం. అయితే ముఖంలోని స్పర్శ గురించి మనకున్న జ్ఞానంలో ఎక్కువ భాగం ముఖం నొప్పికి కోత పెట్టిన సర్జన్ల వృత్తిలో పుట్టింది. ఆ వృత్తికి అసలు ఆధారం తమకు ఏం తెలుస్తోందో, ఏం తెలియడం లేదో నోరు విప్పి చెప్పిన రోగులు. వాళ్లకు దక్కాల్సిన చోటు చరిత్రలో ఇంకా దక్కలేదన్నదే నా వాదన.

ఆ నొప్పి ఎలాంటిదో ముందు చూడాలి. 1677 చలికాలంలో పారిస్‌లో ఇంగ్లండు రాయబారి భార్య నార్తంబర్లాండ్ కౌంటెస్ ముఖంలో ఒక పక్క భరించలేని పోట్లతో మంచం పట్టింది. పళ్లు పీకించుకున్నా తగ్గలేదు. తర్వాత తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న జాన్ లాక్ అప్పుడు వైద్యుడిగా ఆమెను చూసి, నిప్పు మెరుపులా దూసుకొచ్చి ఆగిపోయే ఆ బాధను లండన్‌లోని మిత్రులకు ఉత్తరాల్లో వర్ణించాడు. 1756లో ఫ్రెంచి సర్జన్ నికొలా ఆండ్రే దానికి 'టిక్ డూలూరూ' అని పేరు పెట్టాడు. 1773లో లండన్ వైద్యుడు జాన్ ఫాదర్‌గిల్ దాని లక్షణాలను వివరంగా చెప్పాడు. ఈ జబ్బు విడ్డూరం ఏమిటంటే, గట్టిగా నొక్కితే కాకుండా మెత్తగా తాకితే పోటు లేస్తుంది. ముఖం కడుక్కున్నా, ఒక ముద్ద నమిలినా, చెంపకు చల్లగాలి తగిలినా చాలు. అంటే స్పర్శకూ నొప్పికీ మధ్య ఏదో ముడి ఉందని రోగులే మొదట తమ శరీరాలతో చూపించారు. ఆ ముడిని విప్పడానికి వైద్యులకు మరో నూట యాభై ఏళ్లు పట్టింది.

శవాలను కోసి నాడుల దారులు గీసిన అనాటమీ నిపుణులు అప్పటికే ఈ పని పూర్తి చేశారు కదా అనవచ్చు. యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ 1748లోనే ఐదో నాడి శాఖలను ఎంతో ఓపికగా విడదీసి వర్ణించాడు. పుర్రెలో ఆ నాడీముడి ఒదిగి ఉండే గూటికి నేటికీ అతని పేరే. 1765లో వియన్నాలో హిర్ష్ ఆ ముడిని వర్ణించి తన గురువు గాసెర్ పేరు పెట్టాడు. కానీ దారి తెలిసినంత మాత్రాన ఆ దారిలో ఏం పోతోందో తెలియదు. ముఖంలోకి ఏడో నాడి కొమ్మలు కూడా వస్తాయి. చెంపలో, పెదవిలో రెండిటి పోగులూ కలగాపులగంగా పెనవేసుకుంటాయి. కత్తితో ఎంత సన్నగా విడదీసినా, ఏది స్పర్శను మోస్తుందో, ఏది కండరాన్ని కదిలిస్తుందో శవం చెప్పదు. అందుకే ముఖం నొప్పికని కొందరు సర్జన్లు ఏడో నాడిని కోశారు. నొప్పి పోలేదు సరికదా, రోగి మూతి వంకరపోయింది.

1821లో చార్లెస్ బెల్ లండన్ రాయల్ సొసైటీ ముందుంచిన వ్యాసంలోని గాడిద ఈ చిక్కును ఇంకా బాగా చూపిస్తుంది. ఆ గాడిద పైపెదవికి వెళ్లే ఐదో నాడి శాఖలను బెల్ కోశాడు. తర్వాత దాని ముందు ఓట్స్ గింజలు పోస్తే పెదవులతో అందుకోలేకపోయింది. మూతి నేలకానించి, చివరికి నాలుకతో నాకింది. పెదవి కదలడం లేదు కాబట్టి ఐదో నాడి స్పర్శతోపాటు తినేటప్పటి కదలికను కూడా నడుపుతుందని బెల్ తేల్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న హెర్బర్ట్ మేయో మరుసటి ఏడాది ఇలాంటి ప్రయోగాలే చేసి వేరే అర్థం చెప్పాడు. పెదవిలో సత్తువ ఉంది. గింజ తగులుతున్నట్టు తెలియకపోవడం వల్లే గాడిద దాన్ని పట్టుకోవడం లేదు. ముఖ కండరాలను కదిలించేది ఏడో నాడి. ఐదోది స్పర్శనిస్తుంది, కండరాల్లో ప్రధానంగా నమిలే కండరాలను నడుపుతుంది. మేయో మాటే నిలబడింది. స్పర్శ లేకపోతే సత్తువున్న పెదవి కూడా పనికిరాదన్న గొప్ప సత్యం ఆ దిద్దుబాటులో ఉంది. పన్ను తీయించుకుని మొద్దుబారిన పెదవితో నీళ్లు తాగబోయి ఒలకబోసుకునే ప్రతి ఒక్కరికీ అది అనుభవమే.

ఆ లెక్కన జంతువులే నిగ్గు తేల్చాయి కదా, రోగుల మాటతో పనేముంది అని అడగవచ్చు. స్థూలంగా ఏ నాడి ఏ పని చేస్తుందో జంతువులు చూపించాయి, నిజమే. కానీ ఒకే గాడిద ప్రవర్తనను ఇద్దరు సమర్థులు రెండు రకాలుగా చదివారంటే, మూగజీవి సాక్ష్యానికి హద్దు ఎక్కడుందో తెలుస్తోంది. ఆ గాడిద మాట్లాడగలిగితే బెల్ పొరబడేవాడు కాదు. పైగా స్పర్శ సరిహద్దు చెంప మీద ఎక్కడ ఆగుతుందో, నాలుకలో ఎంత మేర మొద్దుబారుతుందో జంతువు ప్రవర్తన నుంచి ఖచ్చితంగా రాబట్టడం కష్టం. ఆ పటం గీయడానికి మరో తరం సర్జన్లు రావలసి వచ్చింది. 1890లో లండన్‌లో విలియం రోజ్ ముఖం నొప్పికి ఆ నాడీముడినే తొలగించే ప్రయత్నం చేశాడు. 1900లో అమెరికాలో హార్వీ కుషింగ్ ఆ శస్త్రచికిత్సను మెరుగుపరిచి, 1904లో తన రోగుల ముఖాల మీద స్పర్శ పోయిన మేరను పటాలుగా ప్రచురించాడు. ఇలాంటి పరీక్షల్లో తేలినది చూడండి: దవడ మూల మీది చర్మం మొద్దుబారదు, ఎందుకంటే దానికి స్పర్శ మెడ నాడుల నుంచి వస్తుంది. నాలుక ముందుభాగంలో స్పర్శ పోతుంది గానీ, రుచి ఐదో నాడి సొత్తు కాదని కుషింగ్ రోగులను పరీక్షించే వాదించాడు. ఉప్పు తెలుస్తోందా, దూది తెలుస్తోందా అన్న రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పగలిగింది మనిషే.

నొప్పినీ స్పర్శనూ విడదీసినదీ ఈ వృత్తే. నాడీముడి తీసేస్తే పోట్లు పోయేవి, వాటితోపాటు సగం ముఖం మొద్దుబారేది. అన్నం మెతుకులు బుగ్గలో మిగిలిపోయినా తెలిసేది కాదు. కంటి నల్లగుడ్డు మీద నలుసు పడినా తెలియక పుండు పడి చూపు పోయే ప్రమాదం ఉండేది. అందుకే 1901లో ఫిలడెల్ఫియాలో స్పిల్లర్, ఫ్రేజియర్ ముడిని వదిలి, దాని వెనక ఉన్న వేరును కోసే పద్ధతి పట్టారు. తర్వాత్తర్వాత కంటికి వెళ్లే పోగులను మిగిల్చి తక్కినవి కోయడం నేర్చుకున్నారు. 1930ల చివర్లో స్వీడన్ సర్జన్ ఓలోఫ్ షెక్విస్ట్ ఇంకా వెనక్కి వెళ్లి, మెదడు కాండంలో కిందికి దిగే ఐదో నాడి పాయను కోశాడు. ముఖంలో నొప్పీ వేడీ చల్లదనమూ తెలియడం తగ్గిపోయినా, మెత్తని స్పర్శ చాలావరకు నిలిచింది. మెత్తని తాకిడి కబురుకూ నొప్పి కబురుకూ మెదడు కాండంలో వేర్వేరు మజిలీలున్నాయని అలా బతికున్న మనుషుల్లో రుజువైంది. దూది తగిలింది, సూది గుచ్చుకోలేదు అని రోగి చెప్పకపోతే ఆ రుజువు లేదు.

ఈ వాదన మీద వచ్చే బలమైన అభ్యంతరం, రోగి మాట నమ్మదగినదేనా అన్నది. నార్తంబర్లాండ్ కౌంటెస్ పళ్లే ఇందుకు ఉదాహరణ. నొప్పి పంటిదే అనిపించింది, పీకినా పోలేదు. ఇవాళ్టికీ ఈ జబ్బున్నవాళ్లు మొదట దంతవైద్యుడి దగ్గరికే వెళ్లి మంచి పళ్లు పోగొట్టుకోవడం కద్దు. నొప్పికి కారణం ఏమిటన్న విషయంలో రోగి ఊహ తప్పవచ్చు. కానీ కళ్లు మూసుకున్న మనిషి చెంపను దూదిపోగుతో తాకి, తెలిసిందా లేదా అని అడిగినప్పుడు వచ్చే జవాబు ఊహ కాదు. మళ్లీ మళ్లీ అడిగి సరిచూసుకోగల సాక్ష్యం. జర్మనీలో ఎర్నస్ట్ వేబర్ 1834లో ఇలాగే కంపాస్ ముళ్లతో తాకుతూ, రెండు మొనలు రెండుగా తెలియడానికి ఎంత ఎడం కావాలో కొలిచాడు. నాలుక కొసకు సుమారు ఒక మిల్లీమీటరు చాలింది, వీపు మధ్యకు ఆరు సెంటీమీటర్లకు పైగా కావలసి వచ్చింది. నోటిలోని చేపముల్లు ఎందుకు దొరుకుతుందో ఆ అంకెల్లో ఉంది. మాటను కొలతగా మార్చడమే అక్కడ జరిగిన పని.

యంత్రాలు వచ్చాక కూడా ఈ లెక్క మారలేదు. 1937లో మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మెలకువగా ఉన్న రోగుల మెదడు పొరను విద్యుత్తుతో తాకి, పెదవులకూ నాలుకకూ అక్కడ ఎంత విశాలమైన చోటుందో చూపించారు. ఆ పటంలో స్పర్శకు చెందిన సగం, జిల ఎక్కడ పుట్టిందో రోగి చెప్పిన జవాబులతో గీసిందే. తాకిడిని విద్యుత్ సంకేతంగా మార్చే పీజో2 అనే ప్రొటీన్‌ను 2010లో ఆర్డెమ్ పాటపూటియన్ బృందం గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అది మనిషికి ఏం చేస్తుందో తెలిసింది మాత్రం, పుట్టుకతోనే ఆ ప్రొటీన్ పనిచేయని ఇద్దరిని పరీక్షించి 2016లో వివరాలు ప్రచురించినప్పుడే.

కాబట్టి ఈ చరిత్రను రాసేటప్పుడు మెకెల్, బెల్, మేయో, కుషింగ్ పేర్ల పక్కన, నొప్పి తాళలేక తల అప్పగించి, కోలుకున్నాక ఓపిగ్గా గంటల తరబడి జవాబులు చెప్పినవాళ్లను కూడా తోటి పరిశోధకులుగా లెక్కించాలి. వాళ్ల పేర్లు మనకు రాలేదు, వాళ్ల సాక్ష్యం మాత్రం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. దీనివల్ల ఇవాళ్టి వైద్యుడికీ ఒక బాధ్యత ఉంది. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు కాబట్టి నీకేమీ లేదని ముఖం నొప్పితో వచ్చిన మనిషిని పంపించేయడం, ఈ విద్య ఏ పునాది మీద నిలబడిందో ఆ పునాదిని మరచిపోవడమే. ముఖంలో స్పర్శ ఉందో లేదో చెప్పవలసింది ఆ ముఖం గలవాళ్లే. అడిగి, విని, సరిచూసుకోవడమే వైద్యుడి పని.