పడవ ఆగినచోటే ఊరు

అమెరికా మిడ్‌వెస్ట్‌లో మిసిసిపీ ఒడ్డు ఊళ్లు చాలావరకు పడవ ఆగక తప్పనిచోట పుట్టాయి. అయోవా రాష్ట్రం దక్షిణపు కొసన ఉన్న కియోకక్‌నే చూడండి. దానికి ఎగువన దాదాపు 18 కిలోమీటర్ల మేర నది రాతిగట్ల మీద సుడులు తిరుగుతూ పారేది. నీరు తగ్గితే బరువైన స్టీమరు దాన్ని ఎక్కలేదు. సరుకంతా దించి చిన్న పడవలకో బళ్లకో ఎత్తాలి. ఆ ఎత్తుడు దింపుళ్ల చుట్టూ కూలీలు, గోదాములు, పూటకూళ్లిళ్లు, సారా దుకాణాలు చేరి ఊరైంది. 1877లో ఆ రాళ్ల పక్కనుంచి కాలువ తెరిచాక ఆ పని పోయింది. నదిని బాగుచేసిన ప్రతి ఇంజనీరూ ఏదో ఒక ఊరి పొట్ట కొట్టాడనిపిస్తుంది నాకు.

ఈ ఒడ్లు ఖాళీ నేలలేమీ కావు. సాక్, మెస్క్వాకీ జాతులవారు ఇక్కడ మొక్కజొన్న పండించుకునేవారు. 1832లో బ్లాక్ హాక్ అనే సాక్ నాయకుడి వెంట సొంత నేలకు తిరిగొచ్చినవారిలో చాలామందిని సైన్యం తరిమి చంపింది. మరుసటి ఏడాదే పడమటి ఒడ్డు తెల్లవారి కాపురాలకు తెరుచుకుంది. కియోకక్ అన్నది ఆ పోరులో చేరకుండా నిలిచిన మరో సాక్ నాయకుడి పేరు.

అంతకు చాలా ముందే, 1703లో, ఫ్రెంచివారు కాస్కాస్కియా అనే ఊరిని స్థాపించారు. 1818లో ఇల్లినాయ్ రాష్ట్రమైనప్పుడు తొలి రాజధాని అదే. స్టీమర్లకు కట్టెలే ఇంధనం. ఒడ్డున చెట్లు నరికి అమ్మడమే ఎందరికో బతుకుతెరువు. వేళ్లు పోయిన గట్లు విరిగిపడుతూ వచ్చాయి. 1881 వరదలో నది కొత్త దారి పట్టి ఊరిని మింగింది. మిగిలిన ముక్క నదికి పడమటి వైపు పడింది. పేరుకు ఇల్లినాయ్‌లో ఉన్నా మిస్సోరీ మీదుగా వెళ్లాలి. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్నది 21 మంది.

ఇల్లినాయ్‌లోనే ఉన్న గలీనాది సీసం కథ. 1845 ప్రాంతంలో దేశానికి కావలసిన సీసంలో అత్యధిక భాగం ఆ చుట్టుపక్కల గనులదే. కొలుములకోసం కొండలు బోడిచేశారు; మట్టి కొట్టుకొచ్చి మిసిసిపీలో కలిసే ఊరి ఏరు పూడిపోయింది. రైలు కూడా వచ్చాక రేవు పడుకుంది. పాత ఇటుక భవనాలు కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. నేడు యాత్రికులు డబ్బిచ్చి చూస్తున్నది ఆ పేదరికం కాపాడిన వీధులనే.

అసలు దెబ్బ వంతెనలది. మిసిసిపీ మీద తొలి రైలు వంతెన 1856 ఏప్రిల్‌లో రాక్ ఐలండ్ దగ్గర తెరుచుకుంది. రెండు వారాలకే ఎఫీ ఆఫ్టన్ అనే స్టీమరు దాన్ని గుద్దుకుని తగలబడింది. పడవ యజమానులు దావా వేస్తే వంతెన కంపెనీ తరఫున వాదించినవారిలో అబ్రహాం లింకన్ ఒకరు. జ్యూరీ ఎటూ తేల్చలేదు. వంతెన మాత్రం నిలిచింది.

ఒహాయో నది మిసిసిపీలో కలిసేచోటున్న కేరోకు ఇంతకంటే గొప్ప స్థానం ఏముంటుంది? రెండు నదుల పడవలూ, రైళ్లను దాటించే బల్లకట్లూ అక్కడే ఆగేవి. 1889లో ఒహాయోపై రైలు వంతెన వచ్చి బల్లకట్ల పని తీసేసింది. అయినా 1920లో 15,203 మంది ఉండేవారు. 2020 నాటికి 1,733. ఈ పతనాన్ని వంతెనల మీదే నెట్టేస్తే అబద్ధమవుతుంది. నల్లవారితో కలిసి ఈదాల్సి వస్తుందని 1960లలో ఈతకొలనునే మూసేసిన ఊరది. నల్లవారికి ఉద్యోగాలివ్వని దుకాణాలను 1969 నుంచి వారు బహిష్కరిస్తే, చాలామంది వ్యాపారులు పద్ధతి మార్చుకోవడానికి బదులు తలుపులు వేసుకున్నారు. ఊరు తనను తాను కూడా కొంత చంపుకుంది.

అయోవాలోని మస్కటీన్ దారి వేరు. అది నది అడుగున తవ్వుకుంది. జర్మనీ నుంచి వచ్చిన జాన్ బోపుల్ 1891లో అక్కడ ఆల్చిప్పల నుంచి గుండీలు కోయడం మొదలుపెట్టాడు. 1905లో ఆ ఒక్క ఊరే దాదాపు 150 కోట్ల గుండీలు చేసింది. చిప్పలు తరిగిపోయాయి, మిగిలిన పనిని ప్లాస్టిక్ ముగించింది.

తొమ్మిదడుగుల లోతు దారికి 1930లో అమెరికా కాంగ్రెసు ఆమోదం తెలిపాక ఎగువ మిసిసిపీ మీద వరసగా ఆనకట్టలు, లాకులు లేచాయి. ఇప్పుడు ఒక్క టగ్గు పదిహేను బార్జీలను కలిపి నెడుతుంది. చాలా లాకులు 600 అడుగుల పొడవే కనుక వరసను రెండుగా విడదీసి దాటించాలి, గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో ఊళ్లోకి వచ్చేవారెవరూ లేరు. డీజిలు, కూరగాయలు, బియ్యం అన్నీ చిన్న పడవలు నడినదిలోనే టగ్గుకు అందిస్తాయి.