అక్షర దీపం కళాజాతలు: డప్పులకు పద్దు లేని రోజులు

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమ చరిత్ర రాసినవారు కలిగిరి మండలం దూబగుంటతోను, వర్ధినేని రోశమ్మగారితోను మొదలుపెడతారు. అది న్యాయమే. అయితే అంతకు ముందు నుండి ఊరూరా తిరిగి ఆడి పాడిన యువతీ యువకులను గురించి, వారి శిక్షణకు ఖర్చయిన డబ్బును గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడదు. సముద్రతీరపు మండలంలో ఉపాధ్యాయునిగా ఉంటూ ఆ పనిలో కొంతకాలం తిరిగినవాణ్ణి గనుక ఈ ప్రత్యేక సంచికకు ఆ విషయమే ఎంచుకున్నాను.

కళాకారులకు శిక్షణ ఇచ్చి పల్లెల మీదికి పంపడం మన ఆంధ్రకు కొత్త కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథ దళాలు చేసిన పని అదే. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తువారు 1980 నుండి దానిని కళాజాత రూపంలో నడిపారు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 1990లో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించింది. ఆ ఒరవడిలోనే 1991 జనవరిలో మన జిల్లాలో అక్షర దీపం వెలిగింది. ప్రజానాట్యమండలి నాటికీ దీనికీ తేడా ఒక్కటే. ఈసారి పాటకు డబ్బు పెట్టింది సర్కారు.

ఆ డబ్బు కలెక్టరుగారు అధ్యక్షులుగా ఉన్న జిల్లా సాక్షరతా సమితికి వచ్చేది. వాచకాలు, పలకలు, లాంతర్లు పోగా కళాజాతలకు మిగిలేది స్వల్పం. చదువు చెప్పే వాలంటీర్లకు జీతం లేదు. మా జట్టు పిల్లలకూ లేదు. బడి గదిలో పడక, ఊరివాళ్ళు పెట్టే భోజనం, బస్సు చార్జీలు, అంతే. పగలు పాటలు, చిన్న నాటికలు, చెక్కభజన అడుగులు నేర్చుకునేవారు. రాత్రి పక్క ఊళ్ళో ఆడేవారు. తెర లేదు, వేదిక లేదు. తాటాకు మంట వేసి డప్పు కాచుకుంటే జనం వాళ్ళే చేరేవారు.

కష్టమల్లా ఆడపిల్లలను రప్పించడం. ఒక పట్టపుపాళెంలో ఒక తల్లి నన్ను నిలదీసింది. "అయ్యోరా, పగలంతా చేపల తట్ట మోసే పిల్లకు పాట నేర్పితే ఏమొస్తాది? రేపు పెళ్ళి కావద్దా?" నా దగ్గర జవాబు లేదు. పిల్ల మేనత్త తోడు వస్తానన్న తర్వాత ఒప్పుకున్నది. ఆ మేనత్త నాలుగో రోజుకు తనే జట్టులో పాడసాగింది! పదిమందిలో గొంతెత్తడం అక్షరం దిద్దడం కన్నా ముందు వచ్చిందామెకు.

వాచకంలో సారా వల్ల కాపురం పడే పాట్లను చెప్పే సీతమ్మ కథ ఉండేది. చదివితే అది పాఠం. ఆడి చూపితే ఊళ్ళో ప్రతి ఇంటి కథ. ఆట ముగిశాక ఆడవాళ్ళు వెంటనే ఇళ్ళకు పోయేవారు కారు. అక్కడే కూర్చుని ఎవరి మగడు ఎంత తగలేశాడో లెక్కలు తీసేవారు. పాట కన్నా ఆ తర్వాతి గంట ముఖ్యమైనదని నా అభిప్రాయం. దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించాక, వారి కథే "ఆడవాళ్ళు ఏకమైతే" అన్న పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. 1991–92లో రాష్ట్రానికి సారా మీద వచ్చిన ఆదాయం సుమారు 812 కోట్లు. వారుణి వాహిని పేరిట సారా పొట్లాలు పల్లెలకు చేరవేసిందీ సర్కారే, దానిని వద్దని పాడేవారికి బస్సు చార్జీ ఇచ్చిందీ సర్కారే. చివరికి 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

ఉద్యమం వెనువెంటనే రోజుకొక రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. అవి డ్వాక్రాతో కలిసి రాష్ట్రమంతా పాకాయి. సంఘాలకు బ్యాంకు అప్పులు దొరికాయి, లెక్కలు రాయడంలో శిక్షణ దొరికింది. పాట నేర్పే శిబిరాలు మాత్రం మా మండలంలో మళ్ళీ జరగలేదు. కూడబెట్టిన రూపాయి కనబడుతుంది, పెగిలిన గొంతును పద్దులో చూపలేము గదా! మా జట్టు మగపిల్లలు కొందరు రొయ్యల గుంటల కాపలాకు, కొందరు మద్రాసుకు పోయారు. ఆ మేనత్త పొదుపు సంఘం నాయకురాలై బ్యాంకులో మేనేజరుతో వాదించి పని జరిపించుకునేది.

మేము కొన్న డప్పుల బిల్లు మీద ఒక కార్యాలయంవారు, ఇవి విద్యా సామగ్రి కిందికి రావని అభ్యంతరం రాశారు. మూడు సార్లు సంజాయిషీ పంపాక సగం మొత్తం మంజూరైంది. సదరు డప్పులు రెండూ చాలాకాలం బడి బీరువా మీద ఉండి, ఒక ఏడాది గంగమ్మ జాతరకు ఎవరో అడిగి తీసుకుపోయారు.