ఆకలియే బీజముగా : ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ చిత్ర ప్రారంభ పరిశీలనము

మన ఆలంకారికులు రూపకమునకు ఐదు సంధులను చెప్పి, మొదటిదగు ముఖసంధి యందు బీజన్యాసము జరుగవలెనని విధించిరి. బీజము మొదట స్వల్పముగా కానవచ్చి, పిదప పలు విధముల విస్తరించి, తుదకు ఫలమగును. ఈ లక్షణము చలనచిత్రమునకు ఎంతవరకు వర్తించును? ప్రణయహాస్య చిత్రముల విషయమున ఈ ప్రశ్న మరింత ఆవశ్యకము. ఏలయన, నాయికానాయకులు తుదకు కలిసికొందురని ప్రేక్షకునకు ముందే తెలియును. ఫలము తెలిసిన కథలో ఆసక్తి యంతయు బీజమును ఆశ్రయించి యుండును. 1934 లో వెలువడిన ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ అను అమెరికా చిత్రము యొక్క ప్రారంభమును పరిశీలించి, అందలి బీజము ప్రణయము కాదనియు, ఆకలి యనియు చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా చిత్రము పుట్టిన కాలమును గుర్తింపవలెను. 1929 నాటి ఆర్థిక పతనము తరువాత అమెరికాలో నిరుద్యోగము పెరిగి, 1933 నాటికి పనివారిలో సుమారు నలుగురిలో ఒకరు పని లేనివారైరి. ఆ యేడు మార్చిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశమందలి బ్యాంకులన్నింటిని కొన్ని దినములు మూయించెను. శామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్స్ రచించిన ‘నైట్ బస్’ అను కథ ఆ సంవత్సరముననే ‘కాస్మోపాలిటన్’ పత్రికలో వెలువడినది. దానిని రాబర్ట్ రిస్కిన్ చిత్రకథగా మలచగా, ఫ్రాంక్ కాప్రా కొలంబియా సంస్థకు దర్శకత్వము వహించెను. ప్రధాన పాత్రధారులైన క్లార్క్ గేబుల్, క్లోడెట్ కోల్బెర్ట్ ఇరువురును ఇతర సంస్థల నుండి అరువు తెచ్చుకొన్నవారే. అట్టి చిత్రము 1935 ఫిబ్రవరిలో జరిగిన అకాడమీ సభలో ఉత్తమ చిత్రము, దర్శకుడు, నటుడు, నటి, చిత్రానువాదము అను ఐదు ప్రధాన పురస్కారములను పొందెను. ఈ ఐదింటిని ఒకే చిత్రము గెలుచుకొనుట అదియే ప్రథమము.

చిత్రము మయామీ రేవున నిలిచిన ఒక విహారనౌకపై ఆరంభమగును. కోటీశ్వరుడైన ఆండ్రూస్ కుమార్తె ఎలీ, తండ్రికి ఇష్టము లేని కింగ్ వెస్ట్‌లీ అను వైమానికుని పెండ్లాడినది. తండ్రి ఆమెను నౌకలో నిర్బంధించి, ఆ వివాహమును రద్దు చేయింప యత్నించుచున్నాడు. ప్రేక్షకుడు మొట్టమొదట తెలిసికొను విషయము ఆమె సౌందర్యము కాదు, ప్రేమ కాదు, ఆమె నిరాహారదీక్ష. తండ్రి భోజనము తెప్పించి, ఆమె గదికి పోయి, మాంసపు వంటకమును ఆమె ముఖము చెంత త్రిప్పుచు ఊరించును. ఆమె పళ్ళెమును పడద్రోయును. తండ్రి చెంపపై కొట్టును. ఆమె పైకి పరుగెత్తి సముద్రమున దూకి ఈదుచు పోవును. పడవలపై వెంబడించిన నావికులకు ఆమె చిక్కదు.

రెండవ ఘట్టము బస్సు నిలయము. తండ్రి నియోగించిన గూఢచారులు అచట కాపలా యుందురు. అంతటి ధనికురాలు బస్సు ఎక్కునా యని వారికే నమ్మకము లేదు. ఆ అపనమ్మకమే ఆమెకు రక్షణ. ఆమె ఒక వృద్ధురాలి చేత న్యూయార్కునకు టిక్కెట్టు కొనిపించును. అదే నిలయమున పీటర్ వార్న్ అను విలేఖరి త్రాగిన మైకమున టెలిఫోనులో సంపాదకునితో కలహించుచుండును. సంపాదకుడు అతనిని ఉద్యోగము నుండి తొలగించి టెలిఫోను పెట్టివేయును. పీటర్ మాత్రము చుట్టు నున్న మిత్రులు వినుచుండగా, అవతల ఎవరును లేని టెలిఫోనులో, తానే యజమానిని ధిక్కరించినట్లు మాటలాడుచు పోవును. మిత్రులు అతనిని రాజని పొగడుచు బస్సు వరకు ఊరేగింతురు. నాయిక పెండ్లాడినవాని పేరు కింగ్, అనగా రాజు. నాయకునికి అదే బిరుదము పరిహాసముగా లభించినది. పేరుకు రాజైనవాడొకడు, పని పోయిన రాజొకడు. కథ యొక్క పోటీ యంతయు ఈ శ్లేషలో సూచితమైనది.

మూడవ ఘట్టమున ఇరువురును కలిసికొందురు. బస్సులో మిగిలిన స్థలము వార్తాపత్రికల కట్టలతో నిండియుండగా, పీటర్ వానిని కిటికీ నుండి పారవైచి, డ్రైవరుతో వాదులాడి వచ్చునప్పటికి, ఆ చోట ఎలీ కూర్చుండి యుండును. తుదకు ఇద్దరును దానిని పంచుకొందురు. మన ప్రబంధములలో ప్రణయకలహము సుప్రసిద్ధము. ‘పారిజాతాపహరణము’న సత్యభామ అలుక ఇందుకు తలమానికము. కాని అచట కలహము సిద్ధమైన ప్రణయమునుండి పుట్టును. ఇచట ప్రణయమునకు పూర్వమే కలహము పుట్టి, దానికి త్రోవ తీయును. ఆ కలహమునకు కారణము ఈర్ష్య కాదు, కూర్చుండుటకు చోటు.

ఇక బీజము విస్తరించు తీరు చూడవలెను. నౌకపై ఎలీ ఆకలి ఐచ్ఛికము. పళ్ళెము ఎదుట నుండగా కాదన్న ఆకలి. పిదప బస్సులో ఒక తల్లి స్పృహ తప్పి పడిపోవును. వారు ముందునాటి నుండి ఏమియు తినలేదనియు, న్యూయార్కున దొరకనున్న పని కొరకు ఉన్న ధనమంతయు టిక్కెట్లకే వ్యయమైనదనియు ఆమె బాలుడు ఏడ్చుచు చెప్పును. పీటర్ చేతిలోని నోటును ఎలీ తీసికొని ఆ బాలునికి ఇచ్చివేయును. ఫలితముగా ఇరువురును రిక్తహస్తులై, పొలములో గడ్డిపై రాత్రి గడుపవలసి వచ్చును. పీటర్ తెచ్చిన పచ్చి క్యారెట్టును మొదట తిరస్కరించిన ఎలీ తరువాత తానే తీసికొని తినును. నౌకపై పళ్ళెమును త్రోసిన చేయియే ఇది. ఆమె మనఃపరిణామమును తెలుపుటకు ఇంతకు మించిన సంభాషణ అవసరము లేకపోయినది. చివర పీటర్ పదివేల డాలర్ల బహుమానమును కోరక, తాను వ్యయపరచిన 39 డాలర్ల 60 సెంట్లను మాత్రమే ఆండ్రూస్‌ను అడుగుట కూడ ఈ లెక్కలో భాగమే. అట్లే నౌకపై బంధించిన తండ్రియే, తుదిలో వివాహవేదికకు నడుపుచు, వెలుపల కారు సిద్ధముగా నున్నదని ఆమె చెవిలో చెప్పును. ఆమె రెండుమార్లు పారిపోవును. మొదటిమారు తండ్రిని కాదని, రెండవమారు తండ్రి అనుమతితో.

ఇంతటి నిర్మాణకౌశలమును మెచ్చుకొనుచునే రెండు దోషములను చెప్పక తప్పదు. మొదటిది ఆ చెంపదెబ్బ. ఎదిగిన కుమార్తెను తండ్రి కొట్టుటను చిత్రము విచారింపదు. కథను కదల్చు సాధనముగా మాత్రమే వాడుకొనును. తుదిలో తండ్రి మంచివాడగుట వలన ఆ దెబ్బ తుడిచివేయబడినట్లు భావించుట సరికాదు. రెండవది ఇంతకంటె గుర్తింపదగినది. స్పృహ తప్పిన తల్లి తరువాత ఏమైనదో చిత్రము మరల చెప్పదు. ఆమె ఆకలి నాయికకు పాఠమైనది, నాయకుని జేబును ఖాళీ చేసినది. అంతటితో ఆమె పని ముగిసినది. నిజమైన ఆకలిని చిత్రము చూచినది, కాని దాని చెంత నిలువలేదు. హాస్యరసము యొక్క హద్దు ఇచటనే కానవచ్చుచున్నది.

ఈ కథ మన దేశమునకును వచ్చినది. తెలుగు చిత్రపరిశ్రమకును అప్పుడు నిలయమైన మద్రాసు నుండి ఏ.వి.ఎం. సంస్థ దీని ననుసరించి, 1956 లో రాజ్ కపూర్, నర్గీస్ నటించిన ‘చోరీ చోరీ’ అను హిందీ చిత్రమును నిర్మించెను. అనుసరణములను పరిశీలించు విద్యార్థులు సాధారణముగ కథాసామ్యమును మాత్రమే లెక్కింతురు. మూలము నందలి బీజము అనువాదమున నిలిచినదా, లేక కథ మాత్రమే నిలిచినదా అనునది అడుగవలసిన ప్రశ్న. 1934 నాటి ప్రేక్షకులలో పని పోయినవారుండిరి. నిండిన పళ్ళెమును ఒకతె త్రోసివేయుట చూచి వారు నవ్వియుందురు. ఆ నవ్వులో కొంత కినుకయు నుండియుండును. ఆ కినుకను క్యారెట్టు వరకు నడిపించి చల్లార్చుటయే ఈ ముఖసంధి సాధించిన కార్యమని నా నిర్ణయము.